అన్ని రకాల రీఛార్జబుల్ సెల్స్‌కూ ఒకే ఛార్జర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రిమోట్‌లో వేసే చిన్న సెల్ నుంచి టార్చిలైట్లలో వాడే లావుపాటి లిథియం సెల్ దాకా అన్నింటినీ ఒకే ఛార్జర్‌తో నడపాలనుకునేవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. సెల్‌లోకి కరెంటు ఎక్కించడం ఎంత చవక ఛార్జరైనా చేస్తుంది. ఎక్కడ ఆపాలో దానికి తెలుసా లేదా అన్నదే అసలు ప్రశ్న. స్లాట్లు, తెర, బటన్లు అన్నీ దాని తర్వాతే.

డబ్బా మీద ‘యూనివర్సల్’ అని ఉంటే ఏ సెల్ అయినా పెట్టేయొచ్చా?

పెట్టకూడదు. చాలా ఛార్జర్ల విషయంలో ఆ మాటకు అర్థం, 1.2 వోల్టుల నికెల్ సెల్స్, 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్స్ రెండూ ఎక్కుతాయని మాత్రమే. డబ్బా వెనక చిన్న అక్షరాల జాబితాలో మీ సెల్ రకం, సైజు రెండూ కనిపించాలి. రకాలవారీగా లెక్క ఇది:

- నికెల్ మెటల్ హైడ్రైడ్, నికెల్ కాడ్మియం: సెల్ మీద 1.2 వోల్టులు అని ఉంటుంది. నిండేటప్పుడు సుమారు 1.45 నుంచి 1.6 వోల్టుల వరకు వెళ్తుంది.
- లిథియం అయాన్: 3.6 లేదా 3.7 అని ఉంటుంది. 4.2 వోల్టులే హద్దు.
- హై వోల్టేజీ లిథియం: 3.8 అని ఉంటుంది. హద్దు 4.35.
- లిథియం ఐరన్ ఫాస్ఫేట్: 3.2 అని ఉంటుంది. హద్దు 3.6 నుంచి 3.65.
- నికెల్ జింక్: 1.6 అని ఉంటుంది. హద్దు 1.9. నికెల్ అన్న పేరు చూసి దీన్ని మామూలు నికెల్ ఛార్జర్‌లో పెట్టొద్దు, పద్ధతే వేరు.

సెల్ పెట్టగానే ఛార్జర్ దాని వోల్టేజీ చూసి రకాన్ని ఊహిస్తుంది. 2 వోల్టుల లోపుంటే నికెల్, పైనుంటే లిథియం అనుకుంటుంది. ఈ పద్ధతిలో రెండు ప్రమాదాలున్నాయి. లిథియం అయాన్‌కూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కూ మధ్య తేడా వోల్టేజీ చూసి చెప్పలేం. 3.3 వోల్టులు చూపించే సెల్ రెండింటిలో ఏదైనా కావచ్చు. కాబట్టి ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వాడేవాళ్లు ఆ రకాన్ని చేత్తో ఎంచుకునే బటనో స్విచ్చో ఉన్న ఛార్జర్‌నే కొనాలి. కొన్ని మోడళ్లలో ఆ స్విచ్చు పెట్టె లోపల, మూత విప్పితే గానీ కనిపించని చోట ఉంటుంది. సెల్స్ మార్చినప్పుడల్లా స్క్రూలు విప్పుతూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు. అలాంటిది వద్దనే మా సలహా.

రెండో ప్రమాదం, బాగా అడుగంటి ఒక వోల్టు దరిదాపులకు పడిపోయిన లిథియం సెల్‌ను ఛార్జర్ నికెల్ అనుకోవడం. తెర మీద రకం పేరు తప్పు చూపిస్తే ఆలోచించకుండా సెల్ బయటికి తీసేయండి.

నికెల్ సెల్ నిండిందని ఛార్జర్‌కు ఎలా తెలుస్తుంది?

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌కు ‘ఈ వోల్టేజీ దాటితే నిండినట్టు’ అని చెప్పే గీత లేదు. నిండుతున్నకొద్దీ వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. పూర్తిగా నిండాక లోపలికొచ్చే కరెంటు వేడిగా మారుతుంది, ఆ వేడికి వోల్టేజీ కాస్త కిందికి జారుతుంది. ఆ జారుడు ఒక్కో సెల్‌కు 5 మిల్లీవోల్టుల ప్రాంతంలో ఉంటుంది. నికెల్ కాడ్మియంలో ఇది 10 నుంచి 20 మిల్లీవోల్టులు, పట్టుకోవడం తేలిక. ఈ జారుడును కనిపెట్టి ఆపే పద్ధతినే ‘మైనస్ డెల్టా వి’ అంటారు. స్మార్ట్ ఛార్జర్ అనిపించుకోవాలంటే ఇది ఉండి తీరాలి.

దీనితో ఒక చిక్కుంది. కరెంటు మరీ తక్కువైతే చివర్లో వేడి పుట్టదు, వోల్టేజీ జారదు, ఛార్జర్‌కు ఏమీ తెలియదు. సెల్ పాతదైతే జారుడు మరీ చిన్నది. అప్పుడు ఛార్జర్ గంటల తరబడి ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే ఈ ఒక్క పద్ధతినే నమ్ముకోని ఛార్జర్ కావాలి. గరిష్ఠ వోల్టేజీ, ఉష్ణోగ్రత, టైమర్, ఎక్కించిన ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్లు, సెల్ సామర్థ్యపు కొలత) మొత్తానికి పరిమితి, వీటిలో కనీసం రెండు అదనపు కాపలాలు ఉండాలి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ప్రతి స్లాట్‌లో సెల్‌కు తగులుతూ ఉంటే ఇంకా మంచిది. చాలా వాటిలో అది సర్క్యూట్ బోర్డు మీదే ఉండి, సెల్ వేడిని ఆలస్యంగా గుర్తిస్తుంది.

టైమర్ ఒక్కటే ఉన్న పాతకాలపు ఛార్జర్ల సంగతి: ఖాళీ సెల్‌ను దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో 14 నుంచి 16 గంటలు ఛార్జ్ చేయడం ప్రామాణిక పద్ధతే, అందులో తప్పు లేదు. కానీ సగం నిండిన సెల్ పెట్టినా అది అన్ని గంటలూ ఎక్కిస్తుంది.

లిథియం సెల్‌కు ఇంత తంటా ఉండదా?

ఆపాల్సిన చోటు స్పష్టంగానే ఉంటుంది, పొరపాటుకు శిక్ష మాత్రం పెద్దది. ముందు స్థిరమైన కరెంటు, సెల్ 4.2 వోల్టులకు చేరాక అదే వోల్టేజీని పట్టి ఉంచి కరెంటు తగ్గనివ్వడం, అది సామర్థ్యంలో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో దిగాక పూర్తిగా ఆపేయడం. 4.2 మీద అటూ ఇటూ 0.05 వోల్టు తేడాను సాధారణంగా ఒప్పుకుంటారు. ఆ పైకి పోతే లోపల లిథియం లోహంగా పేరుకోవడం, ద్రావకం చెడి గ్యాసు పుట్టడం మొదలవుతాయి. నిండాక చిన్న కరెంటు పంపుతూనే ఉండటం లిథియానికి పనికిరాదు. నికెల్‌కైతే సామర్థ్యంలో ముప్పయ్యో వంతు లోపు పంపినా ఓర్చుకుంటుంది.

సెల్ ఎక్కువ కాలం మన్నాలనుకుంటే 4.1 వోల్టుల దగ్గరే ఆపే సదుపాయం ఉన్న ఛార్జర్ వెతుక్కోవచ్చు. ఒక్కో ఛార్జింగ్‌కు సుమారు పదో వంతు తగ్గుతుంది, సెల్ ఆయుష్షు చెప్పుకోదగ్గంత పెరుగుతుంది.

ఎంత కరెంటు పెట్టాలి?

సెల్ మీద రాసిన ఎంఏహెచ్ అంకెతో లెక్క వేయాలి. 2000 ఎంఏహెచ్ సెల్‌కు 1000 మిల్లీఆంపియర్లు అంటే సగం, దీన్నే 0.5 సి అంటారు.

నికెల్ డబుల్ ఏ సెల్స్‌కు 500 నుంచి 1000, ట్రిపుల్ ఏ సెల్స్‌కు 300 నుంచి 400 మిల్లీఆంపియర్లు చక్కగా సరిపోతాయి. 200 లాంటి అంకె పెడితే సెల్‌కు మేలు చేస్తున్నామని చాలామంది అనుకుంటారు. పైన చెప్పిన వోల్టేజీ జారుడు కనిపించక, ఛార్జర్ ఆపడం మరిచేది సరిగ్గా ఇక్కడే. నికెల్‌ను మరీ మెల్లగా ఛార్జ్ చేయడం మంచిదన్న నమ్మకం టైమర్ ఛార్జర్ల రోజుల నాటిది, స్మార్ట్ ఛార్జర్‌కు వర్తించదు.

లిథియానికి ఇది తిరగబడుతుంది, అక్కడ మెల్లగా చేస్తే నష్టమేమీ లేదు. 2500 నుంచి 3500 ఎంఏహెచ్ ఉండే 18650కి (ఇలాంటి అంకెలు లిథియం సెల్ సైజు పేర్లు, వివరం కింద ఉంది) 1000 మిల్లీఆంపియర్లు, 800 ఎంఏహెచ్ ఉండే 14500కి 400 నుంచి 500, కేవలం 350 ఎంఏహెచ్ ఉండే 10440కి 200కు మించకుండా. ఛార్జర్‌లో అతి తక్కువ కరెంటు 500 అయితే ఆ చిన్న సెల్‌ను అందులో పెట్టొద్దు. చిన్న లిథియం సెల్స్ ఉన్నవాళ్లు ఎక్కువ కరెంటు ఎంతని కాకుండా, తక్కువ కరెంటు ఎంతని చూసి ఛార్జర్ కొనాలి. ఈ అంకెను అమ్మేవాళ్లు పెద్దక్షరాల్లో వేయరు, మాన్యువల్‌లో వెతకాలి.

కరెంటును ఛార్జరే తేల్చుకునే ఆటో మోడ్ 18650 లాంటి పెద్ద సెల్స్‌కు ఫర్వాలేదు, చిన్నవాటికి నమ్మొద్దు.

ఒక్కో స్లాట్ విడిగా పనిచేయడం అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. రెండేసి సెల్స్‌ను జతగా ఛార్జ్ చేసే ఛార్జర్‌కు వాటి ఉమ్మడి వోల్టేజీయే కనిపిస్తుంది. ఒకటి ముందు నిండితే, రెండోది నిండేదాకా మొదటిది వేడెక్కుతూ ఉంటుంది. లేదా మొదటిది నిండగానే రెండింటినీ ఆపేస్తుంది, రెండోది సగంలో మిగిలిపోతుంది. కొనేముందు గుర్తుపట్టడం సులువే: ఒకే సెల్ పెట్టి చూడండి. రెండోది పెడితే గానీ లైటు వెలగకపోతే అది జత ఛార్జర్. నాలుగు స్లాట్లకు రెండే లైట్లున్నా అనుమానించాలి.

నాలుగు స్లాట్లూ నిండితే ఛార్జింగ్ మెల్లగా ఎందుకు సాగుతుంది?

అడాప్టర్ ఇచ్చే వాట్లు చాలకపోవడం వల్ల. నాలుగు లిథియం సెల్స్‌కు ఒక్కో ఆంపియర్ ఇవ్వాలంటే 4.2 × 1 × 4, అంటే 16.8 వాట్లు. ఛార్జర్‌లో పోయే నష్టం కలిపితే 20 దాకా కావాలి. మామూలు యూఎస్‌బీ అడాప్టర్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. కాబట్టి స్లాట్‌కు అర ఆంపియరే దక్కుతుంది. స్పెసిఫికేషన్‌లో ‘2 ఆంపియర్లు × 1, 1 ఆంపియర్ × 2, 0.5 × 4’ అన్నట్టు ఉంటే చివరి అంకే మీ రోజువారీ వాస్తవం. వేగం కావాలంటే 12 వోల్టుల సొంత అడాప్టర్‌తో వచ్చేదో, 9 వోల్టుల ఫాస్ట్ ఛార్జింగ్ అడాప్టర్‌ను ఒప్పుకునేదో చూడండి. పాత ఫోన్ అడాప్టర్, సన్నని పొడవాటి కేబుల్ కలిస్తే ఛార్జర్ మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. లోపం ఛార్జర్‌ది కాదు, ముందు కేబుల్ మార్చి చూడండి.

సెల్ సైజులు, స్లాట్ పొడవు ఎలా సరిచూసుకోవాలి?

లిథియం సెల్ పేరులోనే కొలత ఉంటుంది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. 21700 అంటే 21, 70. చివర చిన్న రక్షణ సర్క్యూట్ అతికించిన 18650 పొడవు 68 నుంచి 70 దాకా వస్తుంది, అదే రకం 21700 దాదాపు 75 దాకా పోతుంది. స్లాట్ గరిష్ఠ పొడవు 70 అయితే రెండోది పట్టదు. బలవంతంగా తోస్తే సెల్ చివర నొక్కుకుపోతుంది. మందం కూడా చూడాలి, నాలుగు స్లాట్లున్నా 26650 సెల్స్ పక్కపక్కన రెండే పట్టే ఛార్జర్లు చాలా ఉన్నాయి.

లావాటి సి, డి సెల్స్ ఎక్కించాలంటే స్లాట్ వెడల్పు వరుసగా 26, 34 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ సెల్స్ విషయంలో ఒక మాట: డి సైజు రీఛార్జబుల్ సెల్ మీద 2000, 2500 ఎంఏహెచ్ అని ఉంటే లోపల ఉన్నది డబుల్ ఏ సెల్లే, చుట్టూ ఖాళీ. అసలైన డి సెల్ 8000 నుంచి 10000 ఉంటుంది. దాన్ని 500 మిల్లీఆంపియర్లతో ఛార్జ్ చేస్తే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, పైగా టైమర్ మధ్యలోనే ఆపేయవచ్చు.

9 వోల్టుల దీర్ఘచతురస్రపు బ్యాటరీకి వేరే ఛార్జరే మేలు. నికెల్ రకంలో ఆరు, ఏడు లేదా ఎనిమిది సెల్స్ ఉంటాయి, లిథియం రకంలో సాధారణంగా రెండు. ఒకే సాకెట్‌తో అన్నింటికీ న్యాయం చేయడం కష్టం.

డబుల్ ఏ సైజులో లిథియం సెల్స్ కూడా కనిపిస్తున్నాయి. అవి ఎక్కించొచ్చా?

ఆ సైజులో మూడు వేర్వేరు వస్తువులున్నాయి, గందరగోళపడితే పరికరం కాలిపోతుంది.

ఒకటి 14500. ఇది 3.7 వోల్టుల మామూలు లిథియం అయాన్. లిథియం ఛార్జర్‌లో ఛార్జ్ అవుతుంది, కానీ 1.5 వోల్టుల సెల్ బదులు రిమోట్‌లోనో గోడ గడియారంలోనో వేస్తే రెండింతలకు మించిన వోల్టేజీ తగిలి ఆ పరికరం పాడవుతుంది. రెండోది లోపల వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ ఉండి, కచ్చితంగా 1.5 వోల్టులే ఇచ్చే రీఛార్జబుల్ లిథియం. దీనికి 5 వోల్టులు కావాలి, సెల్‌తో పాటు వచ్చే ఛార్జర్‌తోనో సెల్‌కే ఉన్న యూఎస్‌బీ రంధ్రంతోనో ఛార్జ్ చేయాలి. 1.5 వోల్టులు కనిపించగానే మామూలు ఛార్జర్ దాన్ని నికెల్ అనుకుంటుంది. స్పెసిఫికేషన్‌లో ‘1.5 వోల్టుల లిథియం’ అని విడిగా రాసి ఉంటేనే పెట్టాలి. మూడోది 1.5 వోల్టుల లిథియం, రీఛార్జబుల్ కాదు. దీన్నీ, రీఛార్జబుల్ కాని మరో లిథియం సెల్ సీఆర్123ఏనూ, ఆల్కలైన్ సెల్స్‌నూ ఏ ఛార్జర్‌లోనూ పెట్టొద్దు. ఆల్కలైన్ సెల్ కారి స్లాట్ స్ప్రింగులను తినేస్తుంది, లిథియందైతే పేలవచ్చు.

టెస్ట్, రిఫ్రెష్ మోడ్‌లు నిజంగా పనికొస్తాయా?

టెస్ట్ మోడ్ తప్పక ఉండాలి. కాస్త ఎక్కువ పెట్టి కొనడానికి సరైన కారణం అదే. అది సెల్‌ను నింపి, ఖాళీ చేస్తూ కొలిచి, మళ్లీ నింపుతుంది. మధ్యలో ఖాళీ చేసేటప్పుడు వచ్చిన అంకే అసలు సామర్థ్యం. ఛార్జింగ్‌లో ఎక్కిన ఎంఏహెచ్‌ను సామర్థ్యమని అనుకోవద్దు. నికెల్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి ఆ అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. 2000 ఎంఏహెచ్ సెల్‌ను 500 మిల్లీఆంపియర్లతో పరీక్షిస్తే మొత్తం 13 గంటల ప్రాంతంలో పడుతుంది, ఆదరాబాదరాగా చేసే పని కాదు.

ఈ పరీక్షతో సెల్స్‌ను జత కట్టుకోవచ్చు. నాలుగు సెల్స్ పట్టే పరికరంలో 1900 ఇచ్చే మూడింటి పక్కన 1200 ఇచ్చేది ఒకటి వేస్తే, బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దాన్ని రివర్స్ పోలారిటీలోకి, అంటే ప్లస్ మైనస్‌లు తారుమారయ్యే స్థితిలోకి నెడతాయి. సెల్ అలా చచ్చిపోతుంది. దగ్గరి అంకెలున్నవాటిని కలిపి, మార్కర్‌తో గుర్తు పెట్టి, ఎప్పుడూ కలిపే వాడండి.

రిఫ్రెష్ అంటే నింపడం, ఖాళీ చేయడం పలుమార్లు చేయడం. నెలల తరబడి పక్కన పడి ఉన్న నికెల్ సెల్ రెండు మూడు సార్లకు కోలుకుంటుంది. నాలుగో సారికీ అంకె పెరగకపోతే ఇక పెరగదు. లిథియం సెల్‌కు రిఫ్రెష్ వల్ల ఒరిగేదేమీ లేదు, అరుగుదల తప్ప.

18650 సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉంది. ఛార్జర్ 1100 చూపిస్తోంది. ఏది నిజం?

ఛార్జర్ చెప్పిందే. మంచి కంపెనీల 18650 సెల్స్ సామర్థ్యం ఎక్కువలో ఎక్కువ సాధారణంగా 3500 చుట్టుపక్కలే. 5000, 9900 లాంటివి అబద్ధపు అంకెలు. అసలైన సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, తేలిగ్గా ఉంటే అనుమానించండి.

ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపలి నిరోధం) అంకె సెల్ పెట్టిన ప్రతిసారీ మారుతోంది. ఛార్జర్ పాడైందా?

లేదు. కొలవాల్సింది కొన్ని పదుల మిల్లీఓమ్‌లు, స్ప్రింగు సెల్‌కు ఆనే చోట ఉండే నిరోధమే దాదాపు అంత ఉంటుంది. సెల్ చివర్లనూ స్లాట్ కాంటాక్టులనూ పొడి గుడ్డతో తుడిచి, సెల్‌ను ఒకసారి తిప్పి కూర్చోబెట్టి, మూడుసార్లు కొలిచి అతి తక్కువ అంకెను తీసుకోండి. అదే ఛార్జర్‌లో అదే స్లాట్‌లో కొలిచిన సెల్స్‌ను ఒకదానితో ఒకటి పోల్చడానికే ఆ అంకె పనికొస్తుంది. సామర్థ్యం ఉన్నా నిరోధం బాగా పెరిగిన సెల్ కెమెరా ఫ్లాష్‌కు పనికిరాదు. గడియారంలోనో రిమోట్‌లోనో ఇంకా చాలా కాలం పనిచేస్తుంది, పారేయకండి.

పాత నికెల్ సెల్ పెడితే ‘ఎర్రర్’ అంటోంది. పాత ఛార్జర్ మాత్రం తీసుకుంటోంది. ఎందుకు?

నిరోధం పెరిగిన సెల్‌లోకి కరెంటు పంపగానే వోల్టేజీ 1.7 దాటిపోతుంది, స్మార్ట్ ఛార్జర్ దాన్ని తిరస్కరిస్తుంది. పాతది చూడకుండా ఎక్కిస్తుంది, అంతే. పూర్తిగా పడిపోయిన నికెల్ సెల్‌కూ ఇదే ఎర్రర్ రావచ్చు. అలాంటప్పుడు తక్కువ కరెంటుతో కొన్ని నిమిషాలు ఎక్కించి మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ వద్దంటే ఛార్జర్ మాట వినడమే మంచిది.

లిథియం సెల్ సున్నా వోల్టులు చూపిస్తోంది. బతికించొచ్చా?

రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ అయితే ఆ సర్క్యూట్ తెగ్గొట్టడం వల్ల సున్నా కనిపించవచ్చు. చాలా ఛార్జర్లు చిన్న కరెంటు పంపి దాన్ని మేల్కొలుపుతాయి. పంపగానే వోల్టేజీ ఒక్కసారిగా 2.5 దాటితే సెల్ బాగానే ఉంది. 0.5, 0.8, 1.1 అంటూ నెమ్మదిగా పాకితే లోపలి సెల్లే అడుగంటింది. 2 వోల్టుల కింద చాలా కాలం ఉన్న సెల్‌లో రాగి కరిగి, ఛార్జింగ్‌లో మళ్లీ పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. దాన్ని రక్షించే ప్రయత్నం చేయొద్దు. చివరలకు టేపు అంటించి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. మంచి ఛార్జర్ 3 వోల్టుల దిగువన ఉన్న సెల్‌కు పూర్తి కరెంటు ఇవ్వదు, ముందు కొద్దికొద్దిగా పంపి కోలుకున్నాకే పెంచుతుంది. మాన్యువల్‌లో ఈ సంగతి ఉందో లేదో చూడండి.

సెల్స్ ఎంత వేడెక్కితే కంగారు పడాలి?

నికెల్ సెల్ చివరి పావుగంటలో వేడిగా తగలడం సహజం, 45 డిగ్రీల దాకా ఫర్వాలేదు. చేత్తో పట్టుకుని ఉండలేకపోతే అది 55 దాటినట్టే. అప్పుడు ఛార్జింగ్ ఆపి, కరెంటు తగ్గించి, స్లాట్ వదిలి స్లాట్‌లో పెట్టండి. లిథియం సెల్ అసలు వేడెక్కకూడదు, గోరువెచ్చగా ఉంటే చాలు. వేడిగా ఉంటే కరెంటు ఎక్కువైనట్టు, లేదా సెల్ పాడైనట్టు. గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల లోపు, లిథియాన్ని ఛార్జ్ చేయకూడదు. బయటి నుంచి తెచ్చిన సెల్‌ను గది వేడికి రానివ్వండి.

ఛార్జింగ్ పెట్టి నిద్రపోవచ్చా?

నికెల్‌ను, సరిగా ఆపుతుందని పరీక్షించి తెలుసుకున్న ఛార్జర్‌లో, పెట్టొచ్చు. లిథియాన్ని మెలకువగా ఉన్నప్పుడే, పరుపులకూ కాగితాలకూ దూరంగా, గచ్చు లాంటి మండని చోట పెట్టండి. సెల్ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంటే ముందు కొత్త తొడుగు వేయండి. తొడుగు కింద ఉన్న రేకు మొత్తం నెగెటివ్, చిరిగిన చోట పాజిటివ్ కాంటాక్టు తగిలితే నేరుగా షార్ట్ అవుతుంది.

కొన్న ఛార్జర్ సరిగా ఆపుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

ఒక మల్టీమీటర్ చాలు. లిథియం సెల్ ‘ఫుల్’ అనగానే తీసి కొలవండి. 4.15 నుంచి 4.22 మధ్య ఉండాలి. 4.25 దాటితే ఛార్జర్ తిరిగి ఇచ్చేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. నాలుగు స్లాట్లలోనూ విడివిడిగా చూడాలి, ఒక్కటే తేడాగా ఉండటం అరుదేమీ కాదు. ‘ఫుల్’ అన్నాక సెల్‌ను స్లాట్‌లోనే గంటసేపు వదిలి మళ్లీ కొలవండి. వోల్టేజీ ఇంకా పెరిగి ఉంటే ఛార్జర్ కరెంటును పూర్తిగా ఆపడం లేదు.

నికెల్‌కు ఎక్కిన ఎంఏహెచ్ చూడాలి. ఖాళీ చేసిన 2000 ఎంఏహెచ్ సెల్ 2100 నుంచి 2400 మధ్య ఆగితే బాగున్నట్టు. 3000 దాటినా ఎక్కుతూ, సెల్ కాలిపోతుంటే జారుడును పట్టుకోలేకపోయింది. కరెంటు పెంచి ఇంకోసారి ప్రయత్నించండి, కొత్త సెల్‌తోనూ చూడండి. రెండుసార్లూ దాటిపోతే లోపం ఛార్జర్‌దే.